కొసరు పిచ్చుక

ధ్యాన భాగము: లూకా 12:6



సంతలో కూరగాయలు కొని, తూకము అయిన పిమ్మట మనము కొసరు అడుగుదుము. అమ్మువాడు గుప్పెడు పచ్చిమిరపకాయలు పైన వేయును. దానికి వెల లేదు, తూకము లేదు. మత్తయి సువార్త పదియవ అధ్యాయములో మన ప్రభువు పిచ్చుకల ధర చెప్పుచు, కాసుకు రెండు అనెను. ఆ లెక్క చొప్పున రెండు కాసులకు నాలుగు రావలెను. లూకా సువార్తలోనైతే రెండు కాసులకు అయిదు అని యున్నది. ఆ అయిదవది కొసరు. అమ్మువాడు దాని వెల అడుగలేదు, కొనువాడు ఇయ్యలేదు. అట్టి పిచ్చుకయైనను దేవుని జ్ఞాపకములోనుండి తప్పిపోదని ప్రభువు బోధించెను.

హైదరాబాదులోని జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ అనగానే మన యౌవనస్థులకు సినిమా తారలు జ్ఞాపకము వచ్చుదురు. ఆ చిత్రసీమలో గుంపులో నిలువబడుటకు కూలికి వచ్చువారిని చాలకాలము ఎక్స్‌ట్రాలని పిలిచిరి. ఇప్పుడు జూనియర్ ఆర్టిస్టులందురు. వారును లోకము దృష్టికి కొసరే. అయితే ఆ చిత్రసీమలోనుండియే ఒక మంచి పని పుట్టినది. 1992లో నటి అక్కినేని అమల, ఆమె భర్త నాగార్జున బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ అను సంస్థను స్థాపించిరి. జూబిలీ హిల్స్‌లో దానికి ఆశ్రయ గృహము ఏర్పడెను. బండి క్రింద పడిన వీధికుక్కకు, రెక్క విరిగిన పక్షికి అట్టి చోట వైద్యము దొరకును. ఆ కుక్కకు యజమానుడు లేడు, ఆ పక్షికి వెల లేదు.

నగరములో పక్షులకు వచ్చు గాయములలో ఒకటి సంక్రాంతి గాలిపటముల వలననే కలుగుచున్నది. నైలాను మాంజా గ్రద్ద రెక్కను కత్తివలె కోయును. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దానిని దేశమంతట నిషేధించెను. తెగిన దారము చెట్టుకు చుట్టుకొని ఎండకు వానకు త్వరగా చివికిపోదు. పండుగ గడచిన ఎన్నాళ్లకో పక్షికి ఉరి యగును.

ఆ నైలానే మన సముద్రతీరమున వలగాను గేలపు దారముగాను ఉన్నది. అక్కడ పక్షిని ఎత్తుకొని పోవుటకు జూబిలీ హిల్స్ దగ్గరలో లేదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురములో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్లపై గూళ్లు కట్టుకొనును. తిరుపతి జిల్లా నేలపట్టులో 1976లో పక్షులకు అభయారణ్యము ఏర్పడెను. అచ్చటి గూడబాతులు పులికాట్ సరస్సులో చేపలు పట్టి పిల్లలకు తెచ్చును. పిల్ల గూటిలోనుండి జారి నేల పడిన యెడల తల్లి సాధారణముగా క్రిందికి దిగి దానిని మేపదు. నేల రాలిన దానిని తండ్రి ఎరుగునని ప్రభువు చెప్పిన మాట ఆ చెట్ల క్రింద నిలిచినప్పుడు మనకు బాగుగా తెలియును.

అయితే జాలి ఒక్కటే చాలదు. సామెతలు 12:10లో నీతిమంతుడు తన పశువుపై చూపు దయను గూర్చి చదువుదుము. హెబ్రీ మూలములో అచ్చట ఎరుగుట అను మాట యున్నది. నీతిమంతుడు దాని ప్రాణమును ఎరిగినవాడు. తెలిసికొనని జాలి కొన్నిసార్లు చంపును.

2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును కొట్టిన హుద్‌హుద్ వంటి తుపాను వచ్చినప్పుడు, నడిసముద్రపు పక్షులు గాలికి అలసి ఒడ్డున పడును. సముద్రపు పక్షి గదా అని దానిని మరల నీళ్లలోనికి విసరరాదు. రెక్కలు తడిసి బలము లేని పక్షి మునిగిపోవును. నోట నీళ్లు పోయరాదు. పక్షి ఊపిరి గొట్టము నాలుక మొదటనే తెరచియుండును గనుక నీరు ఊపిరితిత్తులలోనికి పోవును. గుడ్డ కప్పి, ముక్కు మన కంటికి తగులకుండ పట్టుకొని, గాలి రంధ్రములు గల అట్టపెట్టెలో చీకటిగా, నిశ్శబ్దముగా ఉంచవలెను. గేలము మింగిన పక్షి నోటినుండి దారము లాగరాదు. కొంత బయటికి కనబడునట్లు విడిచి కోయవలెను, వైద్యునికి అది గురుతు. చాల పక్షులు ఒకేచోట చచ్చిపడియున్న యెడల ముట్టక పశువైద్యునికి తెలుపవలెను.

సముద్రపు తాబేలును ఇట్టిదే. అది చేపవలె నీటిలో ఊపిరి తీయదు. వలలో చిక్కి పైకి రాలేకపోయిన యెడల మునిగి చచ్చును. వలలో వచ్చిన తాబేలు కదలనంత మాత్రమున చచ్చినదని తలంచవద్దు. బోర్లనే ఉంచి, వెనుక భాగమును కొంచెము ఎత్తి, నీడలో తడిగుడ్డ వేసియుంచిన యెడల కొన్ని గంటలకు తేరుకొనుటయు గలదు. అడవి పక్షినిగాని తాబేలునుగాని ఇంట పెంచుకొనుటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఒప్పదు. అటవీశాఖవారికి అప్పగించుడి.

మనుష్యులకే దిక్కులేనప్పుడు పక్షుల గొడవ ఎందుకని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ప్రభువు ఈ మాట చెప్పినది భయపడుచున్న మనుష్యులకే. అనేక పిచ్చుకలకంటె మీరు విలువగలవారని ఆయన వారిని ధైర్యపరచెను. ఆ ధైర్యము పిచ్చుకమీదనే ఆధారపడియున్నది. దేవుడు కొసరు పిచ్చుకను నిజముగా మరచువాడైతే, మనకు చెప్పిన ఆదరణ కూడ పడిపోవును. కావున పక్షిని ఎత్తు చేయి మనుష్యుని విడుచు చేయి కాకూడదు.

జాలరి సహోదరులను నిందించుటకు మేము ఇది వ్రాయలేదు. వల వారికి అన్నము. ప్రభువు మొదట పిలిచినవారు వలలు కడుగుకొనుచు, బాగుచేసికొనుచు ఉన్నవారే. చినిగిన వలను సముద్రములో విడువక ఒడ్డుకు తెచ్చుడని మాత్రము బ్రతిమాలుచున్నాము. ఆదివారపు బడి పిల్లలు పెద్దలతో కలిసి, ఒడ్డునను చెరువుగట్టునను పడియున్న దారపు ముక్కలను ఏరవచ్చును. దగ్గరలోని అటవీశాఖ కార్యాలయపు ఫోను నంబరు గుడి తలుపు ప్రక్కన వ్రాసియుంచుడి.

మరియొక సంగతి. మన సంఘములో కొసరుగా ఎంచబడినవారు ఎవరు? వేటకు పోలేని ముసలివాడు, పేరు పిలువబడని విధవరాలు, సినిమాలో అవకాశము కొరకు నగరమునకు పోయి వట్టి చేతులతో తిరిగివచ్చిన కుమారుడు. ఈ వారము వారిలో ఒకరి గుమ్మము తట్టుడి. ఏమి కావలెనో మొదట అడిగి తెలిసికొని, తరువాత చేయుడి.

ఒక్కదానినైనను మరువని తండ్రి మనకు చూచు కన్నులను, నేర్చుకొను మనస్సును దయచేయును గాక. ఆమేన్.