తేనెలో స్వస్థత ఉంది... మరి పసికందుకు?

ఇస్లాం శుచీశుభ్రతలకు, ఆరోగ్య రక్షణకు ఎంత ప్రాధాన్యమిచ్చిందో పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు. మిస్వాక్‌తో పళ్ళు తోముకోవడం, గోళ్ళు తీసుకోవడం, తల దువ్వుకోవడం వంటివి కూడా మన ధర్మ శిక్షణలో భాగాలే. అందుకే మన ఇళ్ళలో తేనె, కలోంజీ, సుర్మా, మెహందీ తప్పకుండా కనిపిస్తాయి. ఇవన్నీ అల్లాహ్ ప్రసాదించిన వరాలే. అయితే వీటిని వాడటంలో మనం ఒక నైతిక బాధ్యతను తరచూ మరచిపోతున్నాం.

ఆ మధ్య జుమా నమాజు తర్వాత ఒక యువకుడు మా దగ్గరికి వచ్చాడు. అతనికి కొడుకు పుట్టి అయిదు రోజులైంది. నాయనమ్మ మనవడి నోట్లో తేనె వేయబోతే, ఆసుపత్రిలో నర్సు వద్దన్నదని కోడలు అడ్డుపడింది. "ఖుర్ఆన్‌లో స్వస్థత అని ఉన్నదాన్నే కాదంటావా? నీకు ఈమాన్ ఉందా?" అని అత్తగారు గద్దించారు. కోడలు కన్నీళ్ళు పెట్టుకుంది. "మౌలానా సాబ్! అమ్మ మాట వినాలా, నా భార్య మాట వినాలా?" అని అతను అడిగాడు.

ప్రియ సోదర సోదరీమణులారా! ఇది ఒక్క ఇంటి తగాదా కాదు. తేనె వద్దన్నవారు ఖుర్ఆన్‌ను కాదన్నట్లేనా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఆయతు ఏం చెబుతోంది?

తేనెటీగల కడుపు నుండి వెలువడే పానీయంలో మానవులకు స్వస్థత ఉందని సూరా నహ్ల్ 69వ ఆయతు తెలుపుతోంది. ఇందులో మనకు ఎలాంటి సందేహం లేదు. అయితే ప్రతి మనిషికీ, ప్రతి వయసులోనూ, ప్రతి స్థితిలోనూ తేనె ఇచ్చి తీరాలని అందులో ఎక్కడా లేదు. అన్నం కూడా అల్లాహ్ ప్రసాదమే. అంతమాత్రాన అయిదు రోజుల శిశువుకు ఎవరైనా అన్నం ముద్ద పెడతారా? పెట్టకపోతే అన్నాన్ని తిరస్కరించినట్లవుతుందా?

నాయనమ్మ తరఫున ఒక హదీసును ముందుకు తెచ్చేవారు ఉంటారు. తన సోదరుడి కడుపు బాగోలేదని ఒక వ్యక్తి దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వస్తే, తేనె తాగించమన్నారు. గుణం కనిపించలేదని అతను మళ్ళీ మళ్ళీ వచ్చినా అదే చెప్పారు. చివరికి రోగి కోలుకున్నాడు (బుఖారీ). ఈ హదీసును వివరిస్తూ ఇమామ్ ఇబ్ను ఖయ్యిమ్ (రహ్మ), మందు మోతాదు రోగానికి తగినట్లుగా ఉండాలని, అందుకే మళ్ళీ మళ్ళీ ఇవ్వవలసి వచ్చిందని రాశారు. అంటే రోగి ఎవరు, రోగం ఏది, మోతాదు ఎంత అని చూడాలన్న పాఠం ఈ హదీసులోనే ఉంది. కలోంజీ హదీసు విషయంలోనూ అంతే. మరణం తప్ప ప్రతి వ్యాధికీ అది నివారణ అన్న మాట రూపంలో సాధారణమైనా, దాని ఉద్దేశ్యం కొన్ని ప్రత్యేక వ్యాధులేనని ఇమామ్ ఖత్తాబీ (రహ్మ) వంటి వ్యాఖ్యాతలు వివరించారు.

వైద్యులు ఎందుకు వద్దంటున్నారు?

తేనెలో కొన్నిసార్లు 'క్లోస్ట్రీడియం బొటులినం' అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. పెద్దల పేగుల్లో అవి సాధారణంగా ఎదగలేవు. ఏడాది నిండని పిల్లల పేగుల్లో మాత్రం మొలకెత్తి విషాన్ని పుట్టించగలవు. అప్పుడు బిడ్డకు మలబద్ధకం వస్తుంది, ఏడుపు సన్నగిల్లుతుంది, పాలు పీల్చలేకపోతుంది, ఒళ్ళు వాలిపోతుంది. చివరికి ఊపిరి తీయడమే కష్టం కావచ్చు. ఇంట్లో తేనెను మరిగించినా ఈ బీజాలు నశించవు. ఈ జబ్బు అరుదే, కానీ ప్రాణాంతకం కాగలదు.

"మేము ఆరుగురిని పెంచాం, అందరికీ తేనె నాకించాం, ఎవరికేమైంది?" అంటారు పెద్దలు. అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటినవారు కూడా చాలాసార్లు క్షేమంగానే ఇల్లు చేరతారు. అది అల్లాహ్ కారుణ్యం. చూడకుండా దాటడం మంచిదనడానికి అది రుజువు కాదు.

మరి తహ్నీక్ సంగతి? దైవప్రవక్త (సఅసం) నవజాత శిశువులకు ఖర్జూరం నమిలి అంగిలికి రాసినట్లు హదీసులున్నాయి. ఖర్జూరం దొరకనప్పుడు మరో తీపి పదార్థం, ముఖ్యంగా తేనె వాడవచ్చని పూర్వ పండితులు కొందరు చెప్పిన మాట నిజమే. అది వారి కాలపు జ్ఞానాన్ని బట్టి చేసిన ఇజ్తిహాద్. పైగా తహ్నీక్ అభిలషణీయమైన ఆచరణే గాని విధి కాదు. బిడ్డ ప్రాణ రక్షణ మాత్రం విధి. ఖర్జూరంతో చేయదలచినా ముక్కలు లేకుండా, నామమాత్రంగా, శుభ్రమైన చేతితో చేయాలి. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, బలహీనంగా ఉన్నా ముందు వైద్యుణ్ణి అడగాలి.

పేరు అదే, వస్తువు వేరు

హదీసుల్లో ప్రశంసించబడిన సుర్మా 'ఇస్మిద్'. నేడు బజారులో సుర్మా పేరుతో అమ్మే నల్లపొడుల్లో చాలావాటిలో సీసం ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. సీసం పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. అలాగే గోరింటాకు సహజంగా ఎర్రగా పండుతుంది. క్షణాల్లో నల్లగా పండే 'నల్ల మెహందీ'లో తరచూ జుట్టు రంగుల్లో వాడే రసాయనం కలుపుతారు. దానివల్ల చర్మంపై బొబ్బలు రావచ్చు. పొట్లం మీద 'సున్నత్' అని ముద్రించినంత మాత్రాన లోపలి వస్తువు సున్నత్ అయిపోదు.

తెలియని వైద్యానికి జవాబుదారీ

ఒక ప్రయాణంలో తలకు గాయమైన వ్యక్తికి గుస్ల్ అవసరమైంది. తయమ్ముమ్ చేయవచ్చా అని అడిగితే, నీళ్ళు ఉన్నాయి గనుక వీల్లేదని తోటివారు చెప్పేశారు. అతను స్నానం చేసి మరణించాడు. ఆ వార్త విన్న దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా బాధపడ్డారు. వారే అతన్ని చంపారన్నారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని, అజ్ఞానానికి మందు అడిగి తెలుసుకోవడమేనని బోధించారు (అబూ దావూద్). ఆలోచించండి! వారు శత్రువులు కారు. ధర్మం పాటించాలన్న తపనతోనే అలా చెప్పారు. అయినా వారి సదుద్దేశం ఆ ప్రాణాన్ని కాపాడలేకపోయింది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని మరో హదీసు హెచ్చరిస్తోంది. హజ్రత్ సాద్ (రజి) జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (సఅసం) స్వయంగా ఆయన్ను హారిస్ బిన్ కల్దా అనే వైద్యుని దగ్గరికి వెళ్ళమన్నారు.

కనుక ఆ యువకునితో మేము ఇలా అన్నాం: "మీ అమ్మగారిది ప్రేమ, మీ ఇల్లాలిది జాగ్రత్త. ఇందులో కుఫ్ర్ లేదు, అవిధేయతా లేదు. తేనె సీసాను అమ్మగారి చేతికే ఇవ్వండి. ఏడాది నిండాక తొలి చుక్క ఆమే నాకించాలని అడగండి. అంతవరకు తల్లిపాలు పట్టించండి. రెండేళ్ళ పాలు ఆ బిడ్డకు ఖుర్ఆన్ ఇచ్చిన హక్కు. అలాగే ఈమాన్ లేదన్న మాటను వెనక్కి తీసుకోమని అమ్మగారిని మృదువుగా వేడుకోండి. ఒక విశ్వాసురాలిపై అంత పెద్ద మాట వేయడం తేలికైన విషయం కాదు."

తెలియక చేసిన పొరపాటును క్షమించే ప్రభువు మన ప్రభువు. తెలిసిన తర్వాత మాత్రం మనం జవాబుదారులమే. మన చేతుల మీదుగా ఏ పసిప్రాణానికీ హాని కలగకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! ఆయన వరాలను వివేకంతో వినియోగించుకునే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.