వణికే కుక్కకు తొలిరోజు తీర్పు

కోల్‌కతాలో భవానీపూర్ పక్కనే ఉన్న కాళీఘాట్‌లో నకులేశ్వర భైరవుడికి పూజలు జరుగుతాయి. భైరవుడి వాహనం కుక్కే. అయినా యజమాని వదిలేసిన కుక్క షెల్టర్ మూలన వణుకుతూ గుర్రుమంటే దాని స్వభావమే అంతని తేల్చేస్తాం. అది ధర్మం కాదు. 1997లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, షెల్టర్‌కు వచ్చిన మొదటి మూడు రోజుల్లో కుక్కల రక్తంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఎక్కువగా తేలింది. అంటే తొలిరోజు స్వభావ పరీక్షకు దొరికేది చాలావరకు భయమే. కరిస్తే బాధ్యత ఎవరిదని అడగవచ్చు. రేబిస్ ఉన్న దేశంలో అది చిన్న ప్రశ్న కాదు. కానీ జాగ్రత్త వేరు, తీర్పు వేరు. దూరం పాటిస్తూ తిండి పెట్టి, ఆగి, మళ్లీ పరీక్షించవచ్చు. మహాప్రస్థానంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్క గుణాన్ని ఎంచలేదు (నిజానికి అక్కడ పరీక్ష ఆయనకే). దాన్ని వదిలి స్వర్గానికి రానన్నాడు. మొదటి మూడు రోజుల ప్రవర్తన చూసి ఏ కుక్కనూ పనికిరానిదని రాయకూడదు.