108 బండి పుణ్యం ఎవరి ఖాతాలోకి?

ఈసారి ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక మనిషి చేసిన మంచి, అదే మనిషి చేసిన తప్పుని చెరిపేస్తుందా? లేక ఆ తప్పే మంచిని మింగేస్తుందా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు, మా సందులోంచి వచ్చింది. మాది కవాడిగూడ. మా సందులోకి ఒక ఆటో వస్తే ఎదురుగా స్కూటీ కూడా పట్టదు. కొన్నాళ్ల క్రితం, రాత్రి పదకొండు దాటాక మా కింది పోర్షన్‌లో అద్దెకుండే పెద్దమ్మకి ఛాతీలో నొప్పి వచ్చింది. ఒళ్లంతా చెమటలు. వాళ్లబ్బాయి ఊర్లో లేడు. నేనే 108కి ఫోన్ చేశాను. బండి సందు మొదట్లో ఆగింది. టెక్నీషియన్, పైలట్ ఇద్దరూ స్ట్రెచర్ పట్టుకుని లోపలికి నడిచొచ్చారు. 108 డ్రైవర్‌ని పైలట్ అంటారని నాకు ఆ రోజే తెలిసింది. బండిలోనే ఆక్సిజన్ పెట్టి గాంధీ ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఒక్క రూపాయి అడగలేదు. పెద్దమ్మ వారం తర్వాత ఇంటికొచ్చింది. ఇప్పుడు మళ్లీ రోజూ పొద్దున్నే తులసికోటకి నీళ్లు పోస్తోంది.

ఆ మర్నాడు చాయ్ బండి దగ్గర ఇదే ముచ్చట.

“ఈ బండ్లు ఎవలు పెట్టిండ్రో ఎర్కేనా? సత్యం రామలింగరాజు. ఆయనకు దండం పెట్టాలె,” అన్నాడు ఒక అంకుల్.

“పెట్టిండు, సరే. కంపెనీ లెక్కలు తప్పని రాసిచ్చింది గూడ ఆయనే గద? దాని సంగతేంది మరి?” అన్నాడు పక్కాయన.

ఇద్దరూ నా వైపు చూశారు. నేను చాయ్ గ్లాసు వైపు చూశాను. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

మీలో చాలామంది అప్పటికి చిన్నపిల్లలు, కాబట్టి సంగతి క్లుప్తంగా చెప్తాను. సత్యం కంప్యూటర్స్ 1987లో మొదలైంది. దేశంలో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకటిగా ఎదిగింది. రామలింగరాజు గారు 2001లో తండ్రి పేరు మీద బైర్రాజు ఫౌండేషన్ పెట్టి, పల్లెల్లో మంచినీటి ప్లాంట్లు, వైద్యం, చదువు మీద పనిచేశారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సేవ మొదలైంది. అంతకుముందు రోడ్డు మీద ఎవరైనా పడిపోతే ఆటో కోసం పరిగెత్తడమే. ఏ నంబరుకి ఫోన్ చేయాలో కూడా తెలిసేది కాదు.

2009 జనవరి 7న అదే మనిషి కంపెనీ బోర్డుకి ఒక లేఖ రాశారు. ఖాతాల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని అందులో ఒప్పుకున్నారు. తాను సొంతానికి ఏమీ తీసుకోలేదని కూడా అదే లేఖలో రాశారు. ఆ ఒక్క రోజులో షేరు విలువ నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. రిటైర్మెంట్ డబ్బు పెట్టినవాళ్లు, సత్యంలో ఉద్యోగం అని సంబంధం కుదుర్చుకున్నవాళ్లు, అందరూ ఒకేసారి రోడ్డున పడ్డట్టు అయింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. ఆయన అప్పీలుకి వెళ్లారు. మే నెలలో పై కోర్టు శిక్షని నిలిపి బెయిల్ ఇచ్చింది. తీర్పు చెప్పడం కోర్టు పని, మనది కాదు. మన ప్రశ్న వేరే.

108 మాత్రం ఆగలేదు. 2009లోనే జీవీకే గ్రూపు ఆ సంస్థ బాధ్యత తీసుకుంది. ఫోన్ ఎత్తేవాళ్లు ఎత్తుతూనే ఉన్నారు, పైలట్లు నడుపుతూనే ఉన్నారు.

సరే, ఇప్పుడు ప్రశ్నకి వద్దాం. మహాభారతంలో కర్ణుడిని చూడండి. అడిగితే ఒంటి మీద కవచకుండలాలు కోసి ఇచ్చాడు. అదే కర్ణుడు నిండు సభలో ద్రౌపదిని మాటలతో అవమానించాడు. వ్యాసుడు రెండూ రాశాడు, ఏదీ దాచలేదు. దానం చేశాడు కదా అని రథచక్రం నేలలో దిగబడకుండా ఆగలేదు. చక్రం దిగబడింది కదా అని దానకర్ణుడు అన్న పేరు పోలేదు. రెండు ఖాతాలూ విడివిడిగా ఉన్నాయి.

ఇంకా దగ్గరి కథ మన గోల్కొండలోనే ఉంది. కోట చూడ్డానికి వెళ్లినవాళ్లంతా రామదాసు బందీఖానా చూసే ఉంటారు. కంచెర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారు. ప్రజల దగ్గర వసూలైన సర్కారు సొమ్ము పెట్టి భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. తానీషా చెరలో వేశాడు. పన్నెండేళ్లు అంటారు. చివరికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో వచ్చి బాకీ కట్టారని మన పెద్దల కథ.

ఈ కథలో మనం గమనించకుండా దాటేసేది ఒకటుంది. వచ్చింది సాక్షాత్తు భగవంతుడు. “గోపన్న కట్టించింది నా గుడే కదా, బాకీ మాఫీ చెయ్” అని తానీషాకి ఆజ్ఞ వేయొచ్చు. వేయలేదు. ఆరు లక్షల మొహరీలు లెక్కపెట్టి కట్టాడు. పైగా రసీదు అడిగి తీసుకున్నాడు! గుడి పుణ్యం గుడిదే, ఖజానా బాకీ ఖజానాదే అని రాముడే ఒప్పుకున్నట్టు కదా. బాకీ ఉందని భద్రాచలం గుడి అపవిత్రం కాలేదు. గుడి కట్టాడని బాకీ తీరిపోలేదు.

గోపన్ననీ, రాజు గారినీ ఒకే గాటన కట్టడం లేదండి. గోపన్న ఖర్చు పెట్టిన సొమ్ము గుడిగా, స్వామి ఒంటి మీద నగలుగా కనిపిస్తోంది. ఏ నగకి ఎంతయిందో పాటలో లెక్క కూడా చెప్పాడు. లేని డబ్బుని ఉన్నట్టు చూపించడం అంతకన్నా వేరే రకం తప్పు. కానీ సూత్రం మాత్రం ఇద్దరికీ ఒకటే.

“మంచి చేస్తే పాపం పోదంటే, ఇంక మంచి ఎందుకు చేయాలి?” అని మీకు అనిపించొచ్చు. గీత పదిహేడో అధ్యాయంలో కృష్ణుడు దానాన్ని మూడు రకాలుగా చెప్పాడు. తిరిగి ఏదో వస్తుందని ఇచ్చేది రాజస దానం. “ఇది ఇస్తే నా తప్పు మాఫీ అవుతుంది” అనుకుంటే, అప్పుడు మనం తిరిగి అడుగుతున్నట్టే కదా? హుండీలో వేసింది కానుక కాదు, ఫైన్ కట్టడం. మంచి ఎందుకు చేయాలంటే పెద్దమ్మకి ఊపిరి అందాలి కాబట్టి. అంతే.

మరి 108 పుణ్యం ఎవరిది? మొదలుపెట్టిన మనిషికి ఉంది, ఆ వాటా ఎవరూ తీసేయలేరు. కూలిపోకుండా నిలబెట్టినవాళ్లకి ఉంది. అర్ధరాత్రి స్ట్రెచర్ మోసిన ఆ ఇద్దరికీ ఉంది. ఇంకొకరిని మర్చిపోతాం. ఈ సేవకి అయ్యే ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వానిది, అంటే పన్ను కట్టిన ప్రతి మనిషిది. ఆ బండి డీజిల్‌లో మన జీతంలో కట్ అయిన రూపాయి కూడా ఉంది.

ఇక్కడే నాకు గొంతులో వెలక్కాయ పడింది. ఎందుకంటే పోయినేడాది నేను ఆఫీసులో అమ్మ పేరు మీద అద్దె రసీదులు పెట్టాను. మేం ఉండేది మా సొంత ఇల్లు. నేను అమ్మకి ఒక్క రూపాయి అద్దె ఇవ్వలేదు. అలా మిగిలిన టాక్స్ డబ్బులోంచి శనివారం అన్నదానానికి ఇచ్చి, ఫొటో కూడా స్టేటస్ పెట్టుకున్నాను. “అందరూ చేసేదే కదా, పైగా నేను దేవుడికే ఇస్తున్నా” అనుకున్నాను. 5,040 కోట్ల లెక్కకీ, నా పన్నెండు రసీదులకీ అంకెల్లో తేడా ఆకాశమంత. రకంలో తేడా ఏమిటో మాత్రం ఎంత ఆలోచించినా నాకు దొరకలేదు. రాముడు తీసుకున్నదీ రసీదే, నేను పెట్టిందీ రసీదే.

ఈ ఏడు పెట్టలేదు. టాక్స్ బాగానే కట్ అయింది. అన్నదానానికి ఇచ్చేది సగమైంది. గుడిలో ఆ సగం ఇస్తున్నప్పుడు కొంచెం సిగ్గేసింది కానీ, అది పూర్తిగా నా డబ్బే అన్న ధైర్యం మొదటిసారి కలిగింది. పోయినేటి లెక్క కూడా సరిచేసుకోవాలి, అది ఇంకా మిగిలే ఉంది.

చాయ్ బండి దగ్గర అంకుల్స్ మళ్లీ కలిస్తే చెప్తాను, ఇద్దరి మాటా నిజమేనని. దండం పెట్టాల్సిన చోట దండం పెడదాం, లెక్క అడగాల్సిన చోట లెక్క అడుగుదాం. ముందు మన లెక్క మనం చూసుకున్నాకే.

ఈ వారం ఏదైనా దానం చేసేముందు ఒక్క నిమిషం ఆగండి. ఎవరికైనా బాకీ ఉన్నామా, జీతం ఆపిన పనిమనిషికో, స్నేహితుడికో, సర్కారుకో, అని ఒకసారి చూసుకోండి. ముందు అది కట్టేయండి. తర్వాత ఇచ్చేది పది రూపాయలైనా స్వామి సంతోషంగా తీసుకుంటాడు.

జై శ్రీరామ్. శుభం.