అందరూ చేస్తే తప్పు ఒప్పవుతుందా?



ఈ వారం మనకు అంతగా పరిచయం లేని ఒక ఆటను గూర్చి మాట్లాడుకుందాం. ఆట మనది కాకపోయినా అందులో తలెత్తిన ప్రశ్న మాత్రం ప్రతి కుటుంబానికీ సంబంధించినదే.

అమెరికా దేశస్థులకు బేస్‌బాల్ అంటే ప్రాణం. ఒకడు బంతి విసురుతాడు, మరొకడు గుండ్రని కర్రతో కొడతాడు. కొట్టిన బంతి మైదానం కంచె దాటి ప్రేక్షకులలో పడితే దానిని హోమ్ రన్ అంటారు. క్రికెట్టులో సిక్సరు వంటిదనుకోండి. 1927లో బేబ్ రూత్ అనే ఆటగాడు ఒకే సీజనులో 60 హోమ్ రన్లు కొట్టాడు. 1961లో రోజర్ మారిస్ 61 కొట్టి ఆ రికార్డు దాటాడు. ఆ తరువాత 37 సంవత్సరాలపాటు ఆ అంకెను ఎవరూ చేరలేదు.

1998 వేసవిలో మార్క్ మెక్‌గ్వయిర్, సామీ సోసా అనే ఇద్దరు పోటాపోటీగా ఆ రికార్డు వెంట పడ్డారు. దేశమంతా ఊపిరి బిగబట్టి చూసింది. సెప్టెంబరు 8న మెక్‌గ్వయిర్ 62వ హోమ్ రన్ కొట్టాడు. అప్పటికి రోజర్ మారిస్ చనిపోయి దాదాపు పదమూడేళ్ళయింది. అతని కుమారులు మైదానంలోనే కూర్చుని ఉన్నారు. మెక్‌గ్వయిర్ వారి దగ్గరకు వెళ్ళి కౌగిలించుకున్నాడు. చూసినవారి కళ్ళు చెమర్చాయి. సీజను ముగిసేసరికి అతనివి 70, సోసావి 66. మూడేళ్ళకు, 2001లో, బారీ బాండ్స్ అనే మరొకడు 73 కొట్టి దానినీ దాటాడు.

ఇంత బలం వీరికి ఎక్కడి నుండి వచ్చింది?

1998 ఆగస్టులోనే ఒక విలేఖరి మెక్‌గ్వయిర్ అల్మరాలో ఒక సీసా చూసి ఆ సంగతి రాశాడు. అది ఆండ్రోస్టెన్‌డయోన్ అనే మందు. ఆ రోజులలో అంగట్లో అడిగినవారికల్లా అమ్మేవారు. ఒలింపిక్ క్రీడలలో నిషేధించారు గాని బేస్‌బాల్‌లో నిషేధం లేదు. అందుచేత చాలామంది ఆ విలేఖరినే తప్పుపట్టారు, పండుగ పూట ఇంట్లోకి దుర్వార్త తెచ్చినవాడిని చూసినట్టు చూశారు. చివరకు 2010 జనవరిలో మెక్‌గ్వయిర్ తానే నోరు విప్పి, 1998తో సహా పలు సంవత్సరాలు స్టెరాయిడ్లు వాడానని ఒప్పుకున్నాడు.

స్టెరాయిడ్ అంటే ఏమిటో కొంచెం తెలుసుకోవాలి. పురుషుల శరీరంలో సహజంగా ఊరే టెస్టోస్టెరాన్ అనే హార్మోనును పోలిన పదార్థాన్ని మందుగా తయారుచేస్తారు. వైద్యులు కొన్ని రోగాలకు దానిని వాడతారు. ఆరోగ్యవంతుడు అధిక మోతాదులో తీసుకుని కసరత్తు చేస్తే కండలు త్వరగా పెరుగుతాయి, అలసట త్వరగా తీరుతుంది. దానికి మూల్యం గుండె, కాలేయం చెల్లిస్తాయి. మనసు కోపానికి లోనవుతుంది, మందు మానినప్పుడు కుంగిపోతుంది.

ఇప్పుడు ఆ ఆటగాళ్ళ తరఫున చెప్పే మాటలు ఒక్కొక్కటే విందాం. వాటిని తేలికగా కొట్టిపారేయకూడదు.

మొదటి మాట: "మందు బంతిని కొట్టదు గదా! చూపు నాది, చేతివాటం నాది, చెమట నాది." మెక్‌గ్వయిర్ కూడా ఈ మాటే అన్నాడు. గాయాలు మానడం కోసమే మందు తీసుకున్నాననీ, హోమ్ రన్లు కొట్టే శక్తి మాత్రం పైవాడు ఇచ్చిన వరమనీ చెప్పాడు. ఇందులో సగం నిజముంది. ఎంత మందు మింగినా మీరూ నేనూ ఆ బంతిని తాకలేము. అయితే ఆ మందు పని ఏమిటి? నేడు అలసిన శరీరాన్ని రేపటికల్లా మళ్ళీ కసరత్తుకు సిద్ధం చేయడం, గాయపడినవాడిని ముందుగా మైదానంలోకి పంపడం. అంటే, చెమట నాదే అన్నవాడు ఆ చెమటలో ఎంత భాగం మందుదో తానే చెప్పలేడు. వరం దేవుడిదే అయితే ఆ వరాన్ని ఇచ్చిన కొలతలోనే తీసుకోవాలి. దానికి రహస్యంగా సూదితో కొలత పెంచి, మొత్తాన్నీ వరమే అనడం కుదరదు.

రెండవ మాట: "అప్పుడు నిబంధన ఎక్కడుంది?" దీనికి జవాబు చరిత్రలో ఉంది. 1990లో అమెరికా ప్రభుత్వం స్టెరాయిడ్లను నియంత్రిత మందుల జాబితాలో చేర్చింది. వైద్యుని చీటీ లేకుండా వాడడం చట్టవిరుద్ధమయింది. 1991లో అప్పటి బేస్‌బాల్ కమిషనర్ ఫే విన్సెంట్, స్టెరాయిడ్లు కూడా నిషిద్ధమే అని జట్లన్నిటికీ లేఖ పంపాడు. కాని పరీక్షలు లేవు. పరీక్ష లేదు గనుక పట్టుబడడం లేదు, పట్టుబడడం లేదు గనుక శిక్ష లేదు. కావలివాడు లేని తోటలో పండ్లు కోసుకున్నవాడు, తోటకు యజమాని లేడని అనగలడా? మరొక సంగతి చూడండి. తప్పు కాదనుకున్న పనిని ఎవరూ దాచరు. మోకాటికి ఆపరేషన్ అయితే పత్రికలవారికి చెప్పిన ఈ ఆటగాళ్ళే ఈ సూదిని మాత్రం తలుపులు మూసి వేసుకున్నారు. నియమావళి ఏమన్నా, వారి మనస్సాక్షి ఏమన్నదో ఆ మూసిన తలుపులే చెబుతున్నాయి.

మూడవ మాట అన్నిటికంటె గట్టిది: "హద్దు ఎక్కడ గీస్తారు?" మోచేతిలో లిగమెంటు తెగితే మరోచోటి నుండి టెండన్ తెచ్చి అతికిస్తారు. 1974లో టామీ జాన్ అనే ఆటగాడికి చేసిన ఆ ఆపరేషన్ ఇప్పుడు అతని పేరుతోనే పిలవబడుతోంది. నొప్పి తగ్గడానికి కార్టిజోన్ సూదులు వేస్తారు. కొందరు కంటికి లేజరు చికిత్స చేయించుకుంటారు. వెనుకటి తరం ఆటగాళ్ళు చాలామంది నిద్రమత్తు పోయేందుకు ఆంఫెటమిన్ బిళ్ళలు మింగారు. వాటికి 2006 వరకు పరీక్షే లేదు. అవన్నీ ఒప్పయితే ఇదొక్కటే తప్పెలా అయింది?

నిజాయితీగా చెప్పుకుంటే, ఈ గీత గోడలాగా నిటారుగా లేదు. పొలం గట్టులాగా అక్కడక్కడా వంకర పోయింది. ఆంఫెటమిన్ల విషయంలో ఆ పాత తరం వారిని మనం కడిగిన ముత్యాలనలేము. కాని గట్టు వంకరగా ఉందని గట్టే లేదనడం న్యాయం కాదు. ఆపరేషన్ పోయినదానిని తిరిగి ఇవ్వడానికి చేసేది. అది బహిరంగంగా జరిగేది. ముఖ్యంగా, ఒకడు ఆపరేషన్ చేయించుకుంటే ఆరోగ్యంగా ఉన్న పక్కవాడు తానూ చేయి కోయించుకోవాల్సిన అవసరం రాదు. స్టెరాయిడ్ అలాంటిది కాదు. ఒకడు తీసుకుంటే పక్కవాడి ముందు రెండే దారులు మిగులుతాయి: తన ఆరోగ్యాన్ని పణంగా పెట్టడం, లేదా తన ఉద్యోగాన్ని వదులుకోవడం. "నా శరీరం నా ఇష్టం" అన్నవాడు పక్కవాడి ఇష్టాన్ని లాగేసుకున్నాడన్న మాట.

ఈ సంగతి ఎంత నిజమో ఒక చిన్న జట్టు కథ చెబుతుంది. ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్ పట్టణంలో 1994లో ఒక దిగువశ్రేణి జట్టు ఉండేది. దిగువశ్రేణి అంటే చాలీచాలని జీతం, బస్సులో దూరప్రయాణాలు, ఎప్పటికైనా మేజర్ లీగుకు వెళ్తామనే ఆశ. ఆ జట్టులో బంతి విసిరే నలుగురి కథను 2012లో 'స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్' పత్రిక ప్రచురించింది. నలుగురిలో డాన్ నాల్టీ అనేవాడు స్టెరాయిడ్లు తీసుకున్నాడు. ఒళ్ళు పెరిగింది, బంతి వేగం పెరిగింది, 1996లో మిన్నెసోటా జట్టు తరఫున మేజర్ లీగులో అడుగు పెట్టాడు. మిగిలిన ముగ్గురు మందు ముట్టలేదు. ఆ ముగ్గురిలో ఒక్కరూ మేజర్ లీగుకు చేరలేదు.

మందు తీసుకుని ఉంటే వారూ చేరేవారని ఖాయంగా ఎవరూ చెప్పలేరు. తీసుకోకపోబట్టే చేరలేదనీ చెప్పలేరు. అదే ఈ మోసంలోని క్రూరత్వం. వారి నుండి ఎంత దొంగిలించబడిందో లెక్క కట్టడం కూడా వీలుకాదు. బ్యాంకు దోచినవాడు ఎంత తీసుకున్నాడో రాసి ఉంటుంది. ఇక్కడ పోయినది ఒక అవకాశం. ఆ ముగ్గురు ఇంటికి వెళ్ళి, మామూలు ఉద్యోగాలు చూసుకుని, తమకే ప్రతిభ చాలలేదేమో అనుకుంటూ బ్రతకవలసి వచ్చింది.

నాల్టీ తరువాత పశ్చాత్తాపపడ్డాడు. మాజీ సెనేటర్ జార్జి మిచెల్ జరిపిన విచారణకు తనంత తానుగా సహకరించాడు. తోటివారి స్థానాన్ని అన్యాయంగా తీసుకున్నానని చెప్పుకున్నాడు. మెక్‌గ్వయిర్ కూడా తప్పు ఒప్పుకున్న రోజున రోజర్ మారిస్ భార్యకు ఫోను చేసి క్షమాపణ అడిగాడు. ఇవి మంచి పనులే. వీటిని నాటకాలని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. కాని దొంగిలించినది తిరిగి ఇవ్వాలని మనం పిల్లలకు నేర్పుతాము గదా. ఇరవై ఐదవ ఏట పోయిన అవకాశాన్ని నలభై ఐదవ ఏట ఎవరు తిరిగి ఇవ్వగలరు? క్షమాపణ అడగవచ్చు, క్షమించవచ్చు. ఆ సంవత్సరాలు మాత్రం తిరిగి రావు. అందుకే కొన్ని తప్పులను చేసి తరువాత దిద్దుకోవచ్చనుకోవడం పొరపాటు.

ఇక అసలు మాటకు వద్దాం: "అందరూ చేస్తున్నారు." కెన్ కామినిటి అనే ఆటగాడు 1996లో నేషనల్ లీగు ఉత్తమ ఆటగాడిగా ఎన్నికయ్యాడు. ఆ ఏడాది స్టెరాయిడ్లు వాడానని 2002లో ధైర్యంగా చెప్పాడు. సగం మంది వాడుతున్నారని కూడా అన్నాడు. తరువాత ఆ అంచనాను వెనక్కి తీసుకున్నాడు. పాపం, అతడు 2004లో 41వ ఏట ఇతర మత్తుమందులు వికటించి మరణించాడు. 2003లో శిక్షలు లేకుండా, పేర్లు బయట పెట్టకుండా మొదటిసారి ఆటగాళ్ళకు పరీక్షలు జరిపారు. 5 నుండి 7 శాతం పరీక్షలలో మందు ఉన్నట్టు తేలింది. తప్పించుకున్నవారు మరెందరో ఉండవచ్చు. అయినా "అందరూ" అన్న మాట ఎన్నడూ నిజం కాదు. ఫోర్ట్ మయర్స్ జట్టులోని ముగ్గురి వంటివారు ప్రతి జట్టులోనూ ఉన్నారు. "అందరూ" అన్నప్పుడల్లా వారిని మరొకసారి లెక్కలో నుండి తీసివేస్తున్నాము.

తప్పు ఆటగాళ్ళది మాత్రమేనా? కాదు. 1994లో సమ్మె వల్ల ఆ ఏటి వరల్డ్ సిరీస్ రద్దయింది, అభిమానులు ఆటకు దూరమయ్యారు. 1998 నాటి హోమ్ రన్ల జాతర వారిని తిరిగి తెచ్చింది. యజమానులకు టికెట్లు అమ్ముడుపోయాయి, పత్రికలకు వార్తలు దొరికాయి, ఆటగాళ్ళ సంఘం చాలాకాలం పరీక్షలను అడ్డుకుంది. జనం చప్పట్లు కొట్టారు. లాభం అందరికీ ముట్టింది గనుక ప్రశ్న ఎవరూ అడగలేదు. తరువాత నింద మాత్రం కొందరి మీదే పడింది. 762 హోమ్ రన్లతో అందరికంటె పైనున్న బారీ బాండ్స్‌కు హాల్ ఆఫ్ ఫేమ్ అనే గౌరవ మందిరంలో స్థానానికి 75 శాతం ఓట్లు కావాలి. పత్రికా రచయితల ఓటింగులో పదవది, చివరిది అయిన 2022లో కూడా అతనికి అవి రాలేదు. నాడు ఆ ఆటగాళ్ళను ఆకాశానికెత్తిన పత్రికల రచయితలే ఈ ఓటర్లు! అయితే పాపం పదిమంది పంచుకుంటే ఒక్కొక్కరి వాటా పదో వంతు అయిపోదని గుర్తుంచుకోవాలి. సూది వేసుకున్నవాడి బాధ్యత వాడిదే, చూసీ చూడనట్టు ఊరుకున్నవాడి బాధ్యత వాడిదే.

తల్లిదండ్రులారా, చివరిగా మీతో ఒక మాట. 2005 మార్చి 17న అమెరికా పార్లమెంటు సంఘం ముందు పెద్ద పెద్ద ఆటగాళ్ళు వరుసగా కూర్చున్నారు. గతాన్ని గూర్చి మాట్లాడడానికి రాలేదని మెక్‌గ్వయిర్ ఆ రోజు అన్నాడు. అదే రోజున అదే సంఘం ముందు, కొడుకులను పోగొట్టుకున్న రెండు కుటుంబాల తల్లిదండ్రులు కూడా మాట్లాడారు. ఇద్దరూ బేస్‌బాల్ ఆడే కుర్రవాళ్ళే. ఒకడికి 17 ఏళ్ళు, మరొకడికి 24. స్టెరాయిడ్లు వాడి, ఆ తరువాతి కుంగుబాటులో ప్రాణాలు తీసుకున్నారని ఆ తల్లిదండ్రులు చెప్పారు. తమ బిడ్డలు ఆరాధించిన వీరులే వారికి ఆ దారి చూపారని బాధపడ్డారు.

ఆ పిల్లలకు ఎవరూ సూది చేతికిచ్చి "వేసుకో" అని ఆజ్ఞాపించలేదు. గెలిచినవాడికి ఎంత చప్పట్లు పడుతున్నాయో వారు చూశారు, అంతే. మన ఇంట్లోని పిల్లలు కూడా మన ఉపదేశాలకంటె మన చప్పట్లను ఎక్కువగా గమనిస్తారు. కొడుకు ఫస్టు వచ్చినప్పుడు "ఎంత వచ్చింది?" అని అడుగుతున్నామా, "ఎలా వచ్చింది?" అని కూడా అడుగుతున్నామా? నిజాయితీగా ఆడి ఓడిపోయి వచ్చిన బిడ్డకు ఆ రాత్రి మన భోజనాల బల్ల దగ్గర ఎలాంటి ముఖం కనిపిస్తోంది? "అందరూ చేస్తున్నారు" అని వాడు మీతో అన్న రోజున, ఫోర్ట్ మయర్స్‌లో మందు ముట్టని ఆ ముగ్గురి సంగతి వాడికి చెప్పండి. వారిలో ఒక్కడు కావడం అవమానం కాదని, అలా ఓడి వచ్చినా ఈ ఇంటి తలుపు వాడికి తెరిచే ఉంటుందని కూడా చెప్పండి.