ఆసక్తి, అనభిష్వంగం

నేటి తెలుగులో ‘ఆసక్తి’ మెచ్చుకోలు మాట. పిల్లలకు దేనిమీద ఆసక్తి ఉందో కనిపెట్టి ఆ దారిన నడిపించడమే పెంపకంలోని నేర్పు అని అందరూ ఒప్పుకుంటారు. వేదాంత పరిభాషలో మాత్రం అది తగులుకుపోవడం. ఆ తగులం లేకపోవడాన్ని భగవద్గీత 13వ అధ్యాయం ‘అసక్తి’ అని పిలిచి జ్ఞానలక్షణాలలో చేర్చింది. తేడా ఒక్క దీర్ఘమే. దాని పక్కనే, కొడుకు, భార్య, ఇల్లు మొదలైనవాటి విషయంలో ఉండవలసిన గుణంగా ‘అనభిష్వంగం’ కనిపిస్తుంది. అభిష్వంగమంటే ఎదుటివారిని తానే అనుకోవడమని, వారి సుఖదుఃఖాలు, చావుబతుకులు కూడా తనవేనని భావించడమని శంకరాచార్యులు భాష్యంలో వివరించారు. ర్యాంకు వచ్చిన రోజున, రాని రోజున మధ్యతరగతి ఇళ్లలో కనిపించేది దాదాపు ఇదే.

తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి ముగియగానే, అంటే 15, 16 ఏళ్లకే, ఎంపీసీ, బైపీసీ, సీఈసీ వంటి గ్రూపుల్లో ఒకదాన్ని తీసుకోవాలి. ఆ తర్వాత ఇంజినీరింగ్ వైపా, వైద్యం వైపా అన్నది చాలావరకు దానితోనే తేలిపోతుంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో కూర్చున్న పిల్లవాడు లెక్కలంటే ఇష్టమని చెబితే, ఆ ఇష్టం తనదో, ఇంటిదో అతనికే తెలియకపోవచ్చు. ‘నీ ఇష్టం’ అని వదిలేసే తల్లిదండ్రులూ దీనికి బయటివారు కారు, ఎందుకంటే ఆ మాట పలికిన తీరులోనే వారి ఇష్టం పిల్లలకు వినబడిపోతుంది.

ఇలాంటి చోట స్వధర్మాన్ని ఉదాహరించడం పరిపాటి. కానీ ప్రాచీన భాష్యకారులు స్వధర్మాన్ని ప్రధానంగా వర్ణాశ్రమాలు విధించిన కర్మగా చదివారు. శ్రీ అరవిందుల వంటి ఆధునికులు దానిని లోపలి స్వభావంతో ముడిపెట్టారు. పుట్టుకతో వచ్చే పనికి ఆధారంగా నిలిచిన మాటను, నచ్చిన కోర్సుకు సాక్ష్యంగా తేవడం తొందరపాటే.

ఇష్టం ఎవరిదన్న ప్రశ్నకు తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి మరింత దగ్గరగా ఉంది. బ్రహ్మమంటే ఏమిటో చెప్పమని అడిగిన కొడుకు భృగువుకు వరుణుడు నేరుగా జవాబు ఇవ్వడు; సమస్త ప్రాణులు దేనినుంచి పుట్టి, దేనివల్ల బతికి, చివరికి దేనిలో చేరుతాయో దానిని తెలుసుకోమని ఒక లక్షణం, అంటే గుర్తుపట్టే ఆనవాలు, చెబుతాడు. భృగువు తపస్సు చేసి, మొదట అన్నమే బ్రహ్మమని తేల్చుకొని తిరిగి వస్తాడు. తండ్రి ఔననడు, కాదనడు, తపస్సుతోనే తెలుసుకోమంటాడు; ప్రాణం, మనస్సు, విజ్ఞానం అని తెలుసుకొని వచ్చినప్పుడూ అంతే. ఇక్కడి తపస్సును శంకరులు మనసును, ఇంద్రియాలను ఏకాగ్రం చేయడంగా వివరించారు. ఎన్ని కోచింగ్ గంటలు వెచ్చించినా ఆ పని జరగకపోవచ్చు, పైగా గ్రూపు ఎంచుకునే వేసవి సెలవుల్లో అన్నిసార్లు వెళ్లి రావడానికి వ్యవధీ ఉండదు. బతుకుతెరువు గురించిన పెద్దల ఆరాటాన్ని ఈ వల్లి చిన్నచూపు చూడదు. భృగువు తొలి మెట్టు అన్నమే, అన్నాన్ని నిందించరాదన్న వ్రతమూ ఇందులోనే ఉంది.

ఐదోసారి ఆనందమే బ్రహ్మమని తెలుసుకున్నాక, భృగువు తండ్రి దగ్గరికి తిరిగి వచ్చినట్టు ఉపనిషత్తు చెప్పదు. ఆ విద్యకు మాత్రం ఇద్దరి పేర్లూ కలిపి భార్గవీ వారుణీ విద్య అని పేరు పెట్టింది, కొడుకు పేరును ముందుంచి.