చూచుటకు గల హక్కు

టిట్టిభ దంపతుల గ్రుడ్లను సముద్రుడు హరించిన కథ పంచతంత్రము చదివినవారందఱికిని తెలిసినదే. పక్షులన్నియు గరుత్మంతునితో మొఱపెట్టుకొనగా, తుదకు విష్ణువునకు వెఱచి సముద్రుడు వానిని తిరిగి ఇచ్చెను. తీరపు ఇసుకలో గ్రుడ్లు పెట్టు పక్షి ఎంత నిస్సహాయమో ఆ కథ కల్పించినవానికి చక్కగా తెలిసియుండవలెను. కాని అలల వలననే గాక, ముచ్చటపడి చూడవచ్చినవాని వలనను దానికి కీడు కలుగగలదని అతనికి తోచియుండదు.

తమిళనాడు తీరమునను, దాని కెదురుగా శ్రీలంక తీరమునను నివసించు హనుమాన్ ప్లోవర్, తీతువు కుటుంబములోని చిన్న పిట్ట. రామసేతువునకు ఇరువైపులను ఉండుటచే దానికా పేరు పెట్టిరి. చిరకాలము వేఱొక ప్లోవరునకు ఉపజాతిగా లెక్కింపబడిన దీనిని ప్రత్యేక జాతియని 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇట్టి పక్షులకు గూడనునది పేరునకు మాత్రమే. ఇసుకలో ఒక చిన్న గుంట. పిల్ల గ్రుడ్డు వెడలిన కొన్ని గంటలకే పరుగెత్తును. పెద్దపక్షులు నోటికి మేత అందింపవు. పిల్లయే పురుగులను ఏఱుకొని తినవలెను. అయినను తన ఒంటివేడిని తాను నిలుపుకొనలేదు గనుక మాటిమాటికి తల్లిరెక్క క్రిందికి చేరుచుండును. చలిగాలికి దుప్పటియు, ఎండకు గొడుగును ఆ రెక్కయే.

అచ్చటికి మనము కెమెరాతో పోవుదుము. తల్లి ఒక్క కూత పెట్టగనే పిల్ల ఇసుకకు అతుకుకొని కదలక పడియుండును. తల్లి రెక్క విఱిగినట్లు ఈడ్చుకొనుచు మనలను దూరముగా తీసికొనిపోజూచును. ఛాయాగ్రాహకునకు ఇంతకంటె అనుకూలమైన క్షణ మేది? ఆ బొమ్మను చూచినవారు, పిల్ల ఎంత ప్రశాంతముగా కూర్చున్నదో యని మురియుదురు. ఆ ప్రశాంతికి అసలు పేరు ప్రాణభయము. నక్క నుండియు కాకి నుండియు తప్పించుకొనుటకు ఆ జాతికి తరతరములుగా అబ్బిన విద్య అది. మనము దానిని తినబోమని పిల్ల కెట్లు తెలియును? మనము నిలిచినంతసేపు దానికి మేత లేదు, నీడ లేదు. మన అడుగుజాడలు పట్టి ఊరకుక్క రావచ్చును.

1972 నాటి మన వన్యప్రాణి సంరక్షణ చట్టము, వేటకు చెప్పిన నిర్వచనములో, పక్షుల గ్రుడ్లను గూళ్లను కలవరపెట్టుటను కూడ చేర్చినది. అనగా తుపాకి పట్టకయే వేటగాడు కావచ్చునన్నమాట. ఆ వాక్యము వ్రాసినవారి వివేకమును మెచ్చవలసినదే. అయితే గూటికి హద్దు చెప్పవచ్చును గాని, పుట్టిననాడే గూడు విడిచిన పిల్లకు హద్దెక్కడ? తీరమంతయు దాని గూడే.

బొమ్మలు లేకున్న ఈ పక్షుల నెవరు ప్రేమింతురని అడుగువారు కలరు. ఈ వాదమును త్రోసివేయరాదు. పక్షిని కొట్టి, చర్మ మొలిచి, పెట్టెలలో దాచిన కాలము నుండి కెమెరాతో తృప్తిపడు కాలమునకు వచ్చుట సామాన్యమైన మార్పు కాదు. ఒక మంచి చిత్రము ఒక తీరమును కాపాడినను కాపాడవచ్చును. కాని మొదటి చిత్రమునకు చెల్లిన సాకు వేయవ చిత్రమునకు చెల్లునా? పైగా ఆ మేలు జాతికి, ఎప్పుడో కలుగవచ్చునది. కష్టము ఈ పిల్లకు, ఈ ఎండలో. వేయవ చిత్రము తీయువాడు కోరునది జ్ఞానము కాదనియు, తానును చూచితినని చెప్పుకొను ఆస్తి మాత్రమే అనియు నా అభిప్రాయము. ప్రేమ యనుమాటను అతడు నిజముగనే పలుకును. చిక్కంతయు అందే యున్నది.

పక్షుల మర్యాద తెలిసిన ఛాయాగ్రాహకులు లేకపోలేదు. వారు దూరముగా తడియిసుకపై బోరగిలి గంటలకొలది వేచియుందురు. తల్లి కూత మాఱగనే లేచి వెడలిపోవుదురు. వారి చిత్రములలో పక్షి చిన్నది, ఇసుక పెద్దది. గోడకు వ్రేలాడదీయుటకు అవి అంతగా పనికిరావని కొందఱందురు. నాకైతే అవియే ఇష్టము. పిల్ల యొక్కొకప్పుడు వానిలో కనబడనే కనబడదు. నిలుచున్న తల్లి పొట్ట క్రింద, దాని కాళ్లు గాక, సన్నని కాళ్లు మఱి రెండు కనబడును.