ఇంట గెలవకుండా రచ్చ గెలవొచ్చా?

"మీ దగ్గర కష్టాలు తక్కువా నాయనా, పైదేశాలకు సరుకు పంపడానికి?" అని ఫోన్‌లో అమ్మ అడిగింది. ఉద్యోగరీత్యా దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉంటున్నాను. సెలవురోజుల్లో గిఫ్ట్ ఆఫ్ ది గివర్స్ అనే సహాయ సంస్థ గోడౌన్‌కు వెళ్లి సరుకు సర్దుతుంటాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెత అమ్మకు ధర్మశాస్త్రంతో సమానం.

ఆ సంస్థను 1992లో పెట్టింది ఇంతియాజ్ సులేమాన్ అనే డాక్టరు. జాతి, మతం చూడకుండా సేవ చెయ్యమని ఇస్తాంబుల్‌లో ఒక సూఫీ గురువు ఆయనకు చెప్పారట. పని నీ చేతుల మీదుగా జరుగుతుందే తప్ప చేసేవాడివి నువ్వు కాదని కూడా అన్నారట. ఆ ఏడాదే బోస్నియా యుద్ధబాధితులకు సాయం వెళ్లింది. తర్వాత కంటెయినర్లలో అమర్చిన ఆసుపత్రినే అక్కడికి తరలించారు.

గీత చదివే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ గురువు బోధ నాకు కొత్త కాదు. అయితే కర్తను నేను కానన్నాక బాధ్యత కూడా నాది కాకుండా పోతుందా? గోడౌన్‌లో ఆ సందేహం నిలవదు. పాలపొడి డబ్బాలు ఒక్కొక్కటీ తిప్పి గడువు తేదీ చూడాలి. సొట్టపడ్డది పక్కన పెట్టాలి. తాగే పసిబిడ్డ ఎవరో మనకు తెలియదు గనుక ఇంకా జాగ్రత్తగా చూడాలి.

అమ్మకు నేను చెప్పిన జవాబు 2022 ఏప్రిల్ వరదలు. డర్బన్ ఉన్న క్వాజులు-నటాల్ రాష్ట్రంలో 400 మందికి పైగా చనిపోయారు. డర్బన్ దగ్గరి టోంగాట్‌లో నీటిశుద్ధి కేంద్రం దెబ్బతిని నెలల తరబడి కుళాయిలు రాలేదు. దూరదేశాల్లో పని నేర్చిన ఈ సంస్థే ఇక్కడి వరదబాధితులకూ నీళ్లు, తిండి మోసింది.

మీ ఊళ్లో ఇలాంటి సంస్థ ఉంటే, చందాతో పాటు ఒక ఆదివారం కూడా ఇవ్వండి.